ఆర్థిక భావాల చరిత్ర: అధ్యాపకుని శిక్షణలో మిగిలిన వెలితి

కళాశాలలో ఒక విషయం ఎంత చక్కగా బోధింపబడుతున్నదో తెలుసుకోవడానికి పాఠ్యప్రణాళికను చూడటం చాలదు. దానిని బోధించే అధ్యాపకుడు ఏ గ్రంథాలతో, ఎవరి వద్ద నేర్చుకున్నాడో చూడాలి. ఆర్థిక భావాల చరిత్ర విషయంలో ఈ ప్రశ్న మరింత గట్టిగా ఎదురవుతుంది. డిమాండు, సప్లయి, జాతీయాదాయం వంటి అంశాలను అధ్యాపకుడు ఏటేటా బోధిస్తూ తన జ్ఞానాన్ని సరిదిద్దుకోగలడు. చరిత్ర అలాంటిది కాదు. విద్యార్థి దశలో చదివిన ఒక్క పాఠ్యగ్రంథమే చాలా మందికి జీవితాంతం ఆధారమవుతుంది. ఆ గ్రంథంలో ఒక యుగం లేకపోతే అధ్యాపకుని తరగతిలోనూ ఆ యుగం ఉండదు. అతని విద్యార్థి రేపు అధ్యాపకుడైతే వెలితి మరొక తరానికి సంక్రమిస్తుంది.

ఈ విషయాన్ని బోధించేవారికి ప్రత్యేక శిక్షణ అవసరమన్న గుర్తింపు పాశ్చాత్య దేశాలలో ఆలస్యంగా కలిగింది. 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో గణిత పద్ధతుల ప్రాబల్యం పెరిగిన కొద్దీ అమెరికాలోని అర్థశాస్త్ర శాఖలు అనేకం ఈ పాఠాన్ని తప్పనిసరి అంశాల నుండి తొలగించాయి. తత్ఫలితంగా బోధించగలవారే కరువయ్యారు. ఉత్తర కరొలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఈ రంగానికి పెట్టినిల్లు. ఈ విషయానికే అంకితమైన పత్రిక అక్కడ 1969లో మొదలైంది. 2008లో బ్రూస్ కాల్డ్‌వెల్ నేతృత్వంలో ఒక ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. కళాశాల అధ్యాపకులను, పరిశోధక విద్యార్థులను వేసవిలో ఒకచోట చేర్చి, ఈ పాఠాన్ని తమ కళాశాలల్లో చెప్పేందుకు సిద్ధం చేయడం ఆ కేంద్రం చేపట్టిన ముఖ్యమైన పనులలో ఒకటి. భారతదేశంలో అధ్యాపకుల పునశ్చరణ తరగతులకు 1987 నుండి విశ్వవిద్యాలయాలలో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు ఏర్పడ్డాయి. తర్వాత వాటి పేర్లు మారినా పని అదే. కాబట్టి వేదికలు లేవని చెప్పడానికి వీలు లేదు. ఆ వేదికలపై ఏమి చదివించాలి, ఎలా చదివించాలి అన్నదే తేలవలసిన విషయం.

షుంపేటర్ గ్రంథం

ఇటువంటి శిక్షణలో ఎక్కడైనా తప్పక వినిపించే పేరు జోసెఫ్ షుంపేటర్. ఆయన 1950లో మరణించిన తర్వాత భార్య ఎలిజబెత్ బూడీ షుంపేటర్ శ్రమకోర్చి కూర్చిన వ్రాతప్రతి నుండి 1954లో ‘ఆర్థిక విశ్లేషణ చరిత్ర’ వెలువడింది. 1200 పుటలు మించిన ఈ గ్రంథం అధ్యాపకులకు అధ్యాపకుని వంటిది. మధ్యయుగ క్రైస్తవ పండితులను అర్థశాస్త్ర చరిత్రలో గౌరవ స్థానంలో కూర్చోబెట్టిన ఘనత దీనిదే. అంతకు పూర్వపు అనేక పాఠ్యగ్రంథాలు వారిని రెండు మాటలతో దాటిపోయేవి.

అదే గ్రంథం రెండవ భాగంలో ‘మహా అంతరం’ అనే శీర్షిక ఉన్నది. థామస్ అక్వినాస్ కాలానికి రావడానికి ముందున్న 500 సంవత్సరాలను నిర్భయంగా దూకి దాటవచ్చునని షుంపేటర్ అక్కడ తీర్పు చెప్పారు. అరబ్బు తత్త్వవేత్తలు ఆయనకు తెలియనివారు కారు. ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్‌లను అరిస్టాటిల్‌ను ఐరోపాకు అందించినవారుగా ఆయన గుర్తించారు. ఇబ్న్ ఖల్దూన్ పేరు కూడా గ్రంథంలో అక్కడక్కడ తగులుతుంది. అయితే వాహకులుగా తప్ప ఆలోచనాపరులుగా వారికి చోటు లేదు.

భాష తెలియకపోవడమే దీనికి కారణమని సమర్థించడం కష్టం. ఇబ్న్ ఖల్దూన్ ‘ముఖద్దిమా’ ఫ్రెంచి అనువాదం 1860 దశకంలోనే వెలువడింది. ఖాజీ అబూ యూసుఫ్ (రహ్మ) ‘కితాబుల్ ఖరాజ్’ ఫ్రెంచిలో 1921లో అచ్చయింది. షుంపేటర్‌కు ఫ్రెంచి రాకపోవడమన్నది ఎవరూ అనలేని మాట. వెలితికి మూలం ఆయన కొలమానంలో ఉన్నది. ఆర్థిక విశ్లేషణ వేరు, ఆర్థిక భావాలు వేరు అని విభజించి మొదటిదానికే ఆయన చరిత్ర వ్రాశారు. ధర్మశాస్త్రంలో, నీతిగ్రంథంలో, రాజుకు వ్రాసిన నివేదికలో ఉన్నది విశ్లేషణ కాదని ముందే అనుకుంటే వెతకవలసిన అవసరం కలుగదు. కానీ అక్వినాస్ వ్రాసినదీ ధర్మశాస్త్రమే. అక్కడ ఓపికగా వెతికిన షుంపేటర్ ఇక్కడ వెతకలేదు. ఆయనపై న్యాయంగా చేయగల ఆక్షేపణ ఇంతే, ఇది చిన్నదేమీ కాదు.

పూడ్చడంలో మరొక పొరపాటు

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు లేకపోలేదు. అమెరికన్ ఆర్థికవేత్త జోసెఫ్ స్పెంగ్లర్ 1964లో ఇబ్న్ ఖల్దూన్‌పై విస్తారమైన వ్యాసం వ్రాశారు. ఎస్. ఎమ్. గజన్‌ఫర్, అలీగఢ్‌కు చెందిన అబ్దుల్ అజీమ్ ఇస్లాహీ కలిసి ఇమామ్ గజాలీ (రహ్మ) ఆర్థిక భావాలపై వ్రాసిన వ్యాసం 1990లో డ్యూక్ పత్రికలోనే అచ్చయింది. 2003లో గజన్‌ఫర్ సంపాదకత్వంలో ఈ కోవకు చెందిన వ్యాసాల సంపుటి వెలువడింది. ఆ మహా అంతరాన్ని పూడ్చడమే దాని ఉపశీర్షిక. ఈ కృషి లేకపోతే నేటి అధ్యాపకునికి చేతిలో పెట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

అయినా విమర్శకుడు రెండు విషయాలు చెప్పక తప్పదు. మొదటిది కాలగణనకు సంబంధించినది. షుంపేటర్ దాటవేసిన 500 ఏళ్లు అక్వినాస్‌కు పూర్వపువి. అక్వినాస్ 1274లో మరణించారు. అప్పటికి ఇబ్న్ తైమియా (రహ్మ) పదకొండేళ్ల బాలుడు. ఇబ్న్ ఖల్దూన్ జన్మించినది 1332లో, మఖ్రీజీ 1364లో. కాబట్టి ఆ అంతరాన్ని పూడ్చేవారు అబూ యూసుఫ్ (731–798), గజాలీ (1058–1111) వంటివారే గాని ఇబ్న్ ఖల్దూన్ కాజాలడు. ఆయన పట్ల జరిగినది మరొక రకమైన నిర్లక్ష్యం. ఈ రెంటినీ కలిపి ఒకే జాబితాగా అప్పగించే అధ్యాపకుడు షుంపేటర్‌ను విమర్శిస్తూనే షుంపేటర్ పుటను సరిగా చదవలేదని చాటుకుంటాడు.

రెండవది పేర్లకు సంబంధించినది. 1990 నాటి వ్యాసం శీర్షికలో గజాలీ ‘అరబ్బు స్కొలాస్టిక్’గా కనిపిస్తారు. ఆయన ఖురాసాన్‌లోని తూస్ పట్టణవాసి, పుట్టుకతో అరబ్బు కారు. ‘స్కొలాస్టిక్’ అన్నది లాటిన్ క్రైస్తవ విద్యాలయాల పండితునికి చెల్లిన పేరు. పాశ్చాత్య పాఠకునికి పరిచయం చేసే సౌలభ్యం కోసం వాడిన మాటే కావచ్చు. అయినప్పటికీ ఒక ముస్లిం పండితునికి చరిత్రలో చోటు దొరకాలంటే ఆయన అక్వినాస్ దుస్తులు ధరించి రావలసిందేనన్న అర్థం అందులో తొంగిచూస్తుంది.

సూది కథ

పండితుల వ్యాసాలలో జాగ్రత్తగా చెప్పిన మాట పాఠ్యపుస్తకానికి, అక్కడి నుండి పరీక్షా జవాబుకు చేరేసరికి ఏమవుతుందో చెప్పడానికి సూది కథ చాలు. ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో గజాలీ ఒక చిన్న సూది పనికివచ్చే రూపం పొందాలంటే పనివాని చేతుల మీదుగా సుమారు 25 సార్లు నడవాలని అంటారు. 1776లో ఆడమ్ స్మిత్ గుండుసూదుల కర్మాగారాన్ని వర్ణించారు. దాదాపు 18 పనులుగా విడిపోయిన ఆ తయారీలో పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు చేయగలరని లెక్క చూపారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, శ్రమ విభజనను స్మిత్ కంటే సుమారు ఏడు శతాబ్దాల ముందే గజాలీ కనుగొన్నారని వ్రాసేయడం సులభం. విద్యార్థికి అది నచ్చుతుంది. మార్కులూ పడతాయి.

అయితే గజాలీ ఆ మాట ఎక్కడ చెప్పారు? సహనం, కృతజ్ఞతలను గూర్చిన అధ్యాయంలో. మనిషి నోటికి అందే ఒక్క రొట్టెముక్క వెనుక రైతు, మరపట్టేవాడు, రొట్టె కాల్చేవాడు, వారి పనిముట్లు చేసే కమ్మరి, వడ్రంగి ఇలా లెక్కలేనన్ని చేతులు ఉన్నాయని, వాటన్నిటినీ కూర్చిన అల్లాహ్ అనుగ్రహాన్ని గుర్తించమని ఆయన బోధ. సూది ఆ వరుసలో వచ్చే దృష్టాంతం. స్మిత్ ప్రశ్న వేరు. ఒక దేశం సంపద ఎందుచేత పెరుగుతుంది, ఒక్కొక్క పనివాని ఉత్పత్తి ఎంత హెచ్చుతుంది అన్నది ఆయన చూస్తున్నారు. ఒకరు చేతులు లెక్కపెట్టారు, మరొకరు సూదులు లెక్కపెట్టారు. గజాలీ చూపు మానవులు పరస్పరం ఆధారపడి ఉన్నారన్న సత్యం మీద నిలిచింది. స్మిత్ చూపు ఆ ఆధారం నుండి పుట్టే లాభం మీద నిలిచింది. ఈ భేదం చెప్పిన అధ్యాపకుని తరగతిలో ఇద్దరూ పెద్దవారవుతారు. ‘ముందు ఎవరు’ అన్న పందెం పెట్టిన అధ్యాపకుని తరగతిలో గజాలీ స్మిత్‌కు నీడగా మిగులుతారు.

ఇబ్న్ ఖల్దూన్‌కూ ఇదే జరిగింది. రాజ్యం తొలినాళ్లలో పన్ను రేటు తక్కువగా ఉండి రాబడి ఎక్కువగాను, చివరి రోజులలో రేటు ఎక్కువై రాబడి తక్కువగాను ఉంటుందని ఆయన ‘ముఖద్దిమా’లో వ్రాశారు. 1981 అక్టోబరు 1న అమెరికా అధ్యక్షుడు రీగన్ తన పన్నుల తగ్గింపును సమర్థించుకుంటూ విలేఖరుల సమావేశంలో ఆ మాటను ఉదహరించారు. ఆర్థర్ లాఫర్ కూడా 2004లో తన రేఖకు ఇబ్న్ ఖల్దూన్‌ను పూర్వగామిగా పేర్కొన్నారు. దీనిని గర్వకారణంగా ప్రకటించే రచనలు చాలా ఉన్నాయి. అయితే ‘ముఖద్దిమా’లో ఆ వాక్యానికి ముందూ వెనుకా ఉన్నదేమిటి? తెగల మధ్య ఉండే అసబియ్యత్ అనే సంఘీభావం రాజ్యాన్ని నిలబెట్టడం, విలాసం దానిని సడలించడం, ఖర్చులు మితిమీరిన పాలకుడు పన్నులు పెంచడం, చివరకు తానే వర్తకంలోకి దిగి ప్రజల బ్రతుకుతెరువును దెబ్బతీయడం. పన్ను రేటు ఇక్కడ జబ్బు కాదు, జబ్బు చూపించే నాడి. నాడిని మాత్రం కోసుకుపోయి వాషింగ్టన్‌లో చూపించినవారిని తప్పుపట్టడం కంటే, అదే ముక్కను తరగతిలో చూపించి తృప్తిపడే అధ్యాపకుని తప్పుపట్టడం మేలు.

దాచకూడని పుట

జాబితాల పద్ధతికి ఉన్న మరొక దోషం ఏమంటే, ఇబ్బందికరమైన పుటలను అది దాచివేస్తుంది. ఖలీఫా హారూన్ రషీద్ కోరగా వ్రాసిన ‘కితాబుల్ ఖరాజ్’లో అబూ యూసుఫ్ (రహ్మ) ధరలను గూర్చి ఒక విచిత్రమైన మాట అన్నారు. ధాన్యం సమృద్ధిగా ఉన్నా ధర మండవచ్చు, కొరతగా ఉన్నా ధర చౌకగా ఉండవచ్చు, చౌకకూ ప్రియానికీ తెలియవచ్చే హద్దు లేదు, అది దైవాజ్ఞకు లోబడిన విషయం అన్నది దాని సారాంశం. సప్లయి, డిమాండు సూత్రాన్ని ముస్లిం పండితులే కనుగొన్నారని వ్రాయదలచిన వానికి ఇది మింగుడుపడదు. కొందరు దీనిని వదిలివేస్తారు. కొందరు అబూ యూసుఫ్‌కు విషయం తెలియదని తీర్పు చెబుతారు.

గ్రంథం తెరిచి చూస్తే ఆ మాట భూమిశిస్తు చర్చలో వస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) కాలం నుండి ఇరాక్ సవాద్ భూములపై విస్తీర్ణాన్ని బట్టి నిర్ణీత పన్ను ఉండేది. దానికి బదులు పంటలో నిర్ణీత భాగం తీసుకోవడం మేలని అబూ యూసుఫ్ వాదన. ధరలు ఎటు పోతాయో ముందుగా చెప్పలేనప్పుడు ఎకరాకు ఇంత అని స్థిరంగా విధిస్తే ఒక ఏడు ఖజానాకు నష్టం, మరొక ఏడు రైతుకు నష్టం. పంటలో భాగమైతే మంచికీ చెడుకూ ఇద్దరూ పాలుపంచుకుంటారు. ధరను ఎవరూ ముందు చెప్పలేరన్న మాట ఈ వాదనకు మూలస్తంభం. తెలుగు విద్యార్థికి దీనిని వివరించడానికి పరాయి ఉదాహరణ అక్కరలేదు. అక్కడ పుచ్చుకునేది ప్రభుత్వమే అయినా, శిస్తుకు చేయడానికీ పాలుకు చేయడానికీ ఉన్న తేడా అతని తాతకు తెలిసిన సంగతే.

అబూ యూసుఫ్‌కు అయిదు శతాబ్దాల తర్వాత ఇబ్న్ తైమియా (రహ్మ) ‘అల్ హిస్బా’ వ్రాశారు. ధర పెరగడం ఎల్లప్పుడూ ఎవరో చేసిన అన్యాయం కానవసరం లేదని, సరుకు తగ్గడం వల్లనో కోరేవారు పెరగడం వల్లనో కూడా అది జరుగుతుందని ఆయన స్పష్టంగా విడదీశారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ధరలు నిర్ణయించడానికి నిరాకరించిన హదీసును ఆయన ఈ వెలుగులో గ్రహించారు. సహజంగా పెరిగిన ధరపై ఆజ్ఞ విధించడం అన్యాయమని, సరుకు దాచి ప్రజలను పీడించే వానిపై విధించడం న్యాయమని వివరించారు. మరొక శతాబ్దం లోపల కైరోలో మఖ్రీజీ 1403–04 నాటి కరువును స్వయంగా చూసి చిన్న గ్రంథం వ్రాశారు. ప్రకృతి వైపరీత్యంతో ఆగకుండా లంచంతో కొనుక్కున్న ఉద్యోగాలను, పెరిగిన భూమి కౌళ్లను, విచ్చలవిడిగా ముద్రించిన రాగి నాణేలను ఆయన కారణాలుగా చూపారు.

అబూ యూసుఫ్, ఇబ్న్ తైమియా, మఖ్రీజీ అనే ఈ ముగ్గురినీ వరుసగా చదివిన విద్యార్థికి చరిత్ర అంటే ఏమిటో అర్థమవుతుంది. ధర ఎందుకు మారుతుందన్న ఒకే ప్రశ్న ఆరు శతాబ్దాలలో ఎలా పదునెక్కిందో, ఖాజీ నుండి ఫఖీహ్‌కు, ఫఖీహ్ నుండి చరిత్రకారునికి చేతులు మారుతూ ఎలా రూపం మార్చుకుందో కనిపిస్తుంది. ఇందులో ఐరోపాతో పోటీ అవసరమే రాదు. మొదటి పుట దాచివేస్తే మాత్రం ఈ ఎదుగుదల కనబడదు. చివరి వాక్యం ఒక్కటే మిగులుతుంది, దానికి చరిత్ర ఉండదు.

అనువాదం బాధ్యత

మూలం చదవాలన్న చోట అనువాదం ప్రశ్న వస్తుంది. అధ్యాపకులందరికీ అరబీ రావాలని కోరడం న్యాయం కాదు. అనువాదంలో ఎక్కడ జారుడు ఉన్నదో తెలిసి ఉండాలని కోరడం న్యాయమే. ‘రిబా’ను ఒక అనువాదకుడు వడ్డీ అంటాడు, మరొకడు అధిక వడ్డీ అంటాడు. ఈ ఒక్క విశేషణంతో మొత్తం వాదం తిరగబడుతుంది. తెలుగులో వడ్డీ, చక్రవడ్డీ, ధాన్యం అప్పిచ్చి ఎక్కువ ధాన్యం రాబట్టే నాగు అనే మాటలున్నాయి. వీటిని ఎదురుగా పెట్టి రిబా వేటిని కలుపుకుంటుందో చర్చిస్తే విద్యార్థికి ఒక నిర్వచనం కంటే ఎక్కువ దక్కుతుంది.

ఈ పనికి హైదరాబాదులో గొప్ప పూర్వరంగం ఉన్నది. 1917లో స్థాపించిన దారుల్ తర్జుమా, ఆ మరుసటి ఏడు ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక అర్థశాస్త్రాన్ని ఉర్దూలో బోధించడానికి పారిభాషిక పదాలను, పాఠ్యగ్రంథాలను సమకూర్చాయి. ఇల్యాస్ బర్నీ వంటి ఆచార్యులు అక్కడ అర్థశాస్త్రాన్ని ఉర్దూలో చెప్పారు. అదే విశ్వవిద్యాలయంలో ధర్మశాస్త్రం బోధించిన మనాజిర్ అహ్సన్ గీలానీ ‘ఇస్లామీ మఆషియాత్’ 1947లో వెలువరించారు. ఒకే ఆవరణలో అర్థశాస్త్ర ఆచార్యుడు, అరబీ మూలాలు ఎరిగిన ఆలిమ్ ఉన్న కాలమది. గీలానీ లక్ష్యం ఇస్లామీ ఆర్థిక సూత్రాలను నేటివారికి వివరించడం. భావాల కాలక్రమ చరిత్రను కళాశాల పాఠంగా మలిచే పని తర్వాతివారి కోసం మిగిలింది.

శిక్షణ ఎలా ఉండాలి

కాబట్టి పునశ్చరణ తరగతిలో ముస్లిం ఆర్థికవేత్తలపై ఒక గంట ఉపన్యాసం చేర్చినంత మాత్రాన వెలితి తీరదు. అబూ యూసుఫ్, గజాలీ, ఇబ్న్ తైమియా, ఇబ్న్ ఖల్దూన్, మఖ్రీజీల నుండి ఒక్కొక్కరివి పది పుటలకు మించకుండా ఎన్నుకొని, నమ్మదగిన అనువాదంలో అధ్యాపకుల చేత చదివించాలి. షుంపేటర్ శీర్షికనూ అదే బల్లపై ఉంచాలి. ప్రతి పుటకూ మూడు ప్రశ్నలు వేయించాలి. ఇది ఎవరికి, ఏ సందర్భంలో వ్రాసినది? రచయిత తానే వేసుకున్న ప్రశ్న ఏది? ఈ మాటను ఆధునిక సిద్ధాంతంతో పోల్చినప్పుడు మిగిలిపోయేది ఏది? ఒక రోజు అర్థశాస్త్ర ఆచార్యునితో పాటు అరబీ గాని ఫిఖ్హ్ గాని ఎరిగిన పండితుడు కూర్చోవాలి. ఒకరికి తెలిసినది మరొకరికి తెలియదన్న సంగతి ఇద్దరికీ తెలియడమే ఆ రోజు ఫలితం. చివర ప్రతి అధ్యాపకుడూ ఒక పాఠం చెప్పి చూపాలి. అక్కడ ‘మొట్టమొదట’ అన్న మాట వాడితే దానికి రుజువు అడగాలి.

ఈ శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కళాశాల తరగతిలో వెనుక బెంచీపై కూర్చున్న ముస్లిం విద్యార్థికి ఇప్పటి వరకు రెండే దక్కాయి. ఒకటి, తన వారసత్వం గురించిన మౌనం. రెండు, మొదటి గట్టి ప్రశ్నకే కూలిపోయే గొప్పలు. మౌనం అతనిని చిన్నబుచ్చుతుంది. కూలిపోయిన గొప్ప అతనిని అంతకంటే ఎక్కువ చిన్నబుచ్చుతుంది, ఎందుకంటే అప్పుడు నవ్వేది సహాధ్యాయులు. అతని పక్కన కూర్చున్న ముస్లిమేతర విద్యార్థికి జరిగే నష్టమూ తక్కువది కాదు. బాగ్దాదు శిస్తును, కైరో కరువును అతడు మానవజాతి ఆలోచనలో భాగంగా గాక ఎవరో ఒక వర్గం చేసుకునే ప్రచారంగా వింటాడు. ఈ ఇద్దరు విద్యార్థులూ ఒకే పుటను తెరిచి, ధర ఎందుకు పెరుగుతుందని ఒక ఖాజీ పడిన తర్కాన్ని తామూ పడగలిగిన రోజున షుంపేటర్ వదిలిన అంతరం నిజంగా పూడుతుంది. ఆ పుటను తెరవడం ముందుగా నేర్వవలసినవాడు అధ్యాపకుడే.